ఊరంతా సుంకమ్మ నిద్ర

హరినాథ్‌కు ముప్పై మూడేళ్లు. వాళ్ల నాయనకు కళ్యాణదుర్గంలో చిల్లర సరుకుల అంగడి ఉంది. కొడుకు మాత్రం తక్కెడ పట్టనంటే పట్టనని బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, బెంగళూరులో ఒక పరిశోధన సంస్థలో చేరాడు. అది కాంట్రాక్టు ఉద్యోగం. ప్రతి మార్చి నెలాఖరుకు చచ్చిపోయి, పెద్దసారు సంతకం పెడితే ఏప్రిల్ ఒకటిన బతికొచ్చేది. అలా ఆరుసార్లు బతికొచ్చాక, ఫిబ్రవరి వస్తే చాలు హరినాథ్‌కు నిద్ర పట్టడం మానేసింది. నిద్ర మీద పరిశోధన చేసే సంస్థలో ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

పెద్దసారు పేరు డాక్టర్ కార్తికేయ. మనిషి ఒంట్లోని గడియారం మీద ఆయన ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నాడు. ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక గడియారం ఉంటుందని, దానికి ముళ్లూ పళ్లచక్రాలూ ఉండవని, కొన్ని జన్యువులే దాన్ని తిప్పుతాయని చెప్పేవాడు. ఆ జన్యువులు ఒక పూట పని మొదలుపెట్టి ప్రొటీన్లు తయారుచేయిస్తాయి. ఆ ప్రొటీన్లు పోగుపడి పోగుపడి, చివరికి తమను పుట్టించిన జన్యువుల నోరే మూయిస్తాయి. తర్వాత ప్రొటీన్లు అరిగిపోతాయి, జన్యువులు మళ్లీ నోరు తెరుస్తాయి. ఈ తిరుగుడుకు సుమారు ఇరవైనాలుగు గంటలు.

హరినాథ్ ఇది వాళ్ల నాయనకు వివరిస్తే, ఆయన శ్రద్ధగా విని, "అంటే వాళ్లు చేసిన పనే వాళ్లకు అడ్డమొచ్చి ఆగిపోతారు. ఏదో ఆఫీసు మాదిరి ఉండాదే" అన్నాడు.

పట్నం వాళ్ల గడియారాలు దీపాల వల్లా ఫోన్ల వల్లా చెదిరిపోయాయని, ఎండను నమ్ముకొని బతికే పల్లెలో అందరి గడియారమూ ఒక్కటిగా నడుస్తూ ఉంటుందని కార్తికేయ నమ్మకం. అలాంటి పల్లె కావాలన్నాడు. అప్పుడు జనవరి. మార్చి ఎంతో దూరంలో లేదు. హరినాథ్ వెంటనే తమవైపు పల్లె ఒకటి చెప్పాడు.

జాలిగుట్టపల్లి కుందుర్పి దారిలో ఉంటుంది. ముళ్లచెట్ల గుట్ట, దాని కింద నూటపాతిక ఇళ్లు, వాన పడితే వేరుశనగ, పడకపోతే కరువు పని. కార్తికేయ కారులో వచ్చి ఊరు చూసిన సాయంత్రం ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఉంది. ఆయన వీధి వెంట నడిచి, ఇళ్లలోకి తొంగి చూసి పరవశించిపోయాడు.

"చూశావా హరినాథ్! ఒక్క ఇంట్లో కూడా తెర వెలగడం లేదు!"

"అవున్సార్" అన్నాడు హరినాథ్.

పద్దెనిమిదికీ అరవైకీ మధ్య వయసున్న నలభై మందిని ఎంచుకున్నారు. ఇరవై ఇద్దరు మగవాళ్లు, పద్దెనిమిది మంది ఆడవాళ్లు. రెండు రోజులు, రోజుకు నాలుగుసార్లు, పొద్దున ఆరుకు, పదకొండుకు, సాయంత్రం నాలుగుకు, రాత్రి తొమ్మిదికి, ఒక్కొక్కరు ఒక్కొక్క గొట్టంలో కాస్త ఉమ్మి ఇవ్వాలి. నోట్లోంచి రాలిన కణాలు ఆ ఉమ్మిలో ఉంటాయి. ఏ వేళకు ఏ జన్యువు ఎంత గట్టిగా పనిచేస్తోందో వాటిని పరీక్షిస్తే తెలిసిపోతుంది. మొత్తం మూడువందల ఇరవై గొట్టాలు.

ప్రారంభోత్సవం బడి వరండాలో జరిగింది. పాల్గొన్నందుకు గుర్తుగా నలభై మందికీ తలా ఒక గోడ గడియారం ముందే ఇచ్చేశారు, ఫొటో బాగా వస్తుందని. కొండప్ప అనే రైతు తన గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, "ఎన్నేండ్లు గ్యారంటీ సార్?" అని అడిగాడు. కార్తికేయ దాన్ని చమత్కారం అనుకుని నవ్వాడు.

మరునాడు పొద్దున ఆరుకు నలభై మందిలో ఏడుగురు వచ్చారు. ఆ ఏడుగురిలో ఐదుగురి నోట్లో ఆకువక్క ఉంది. గొట్టాలు ఎర్రగా నిండాయి. హరినాథ్ ఫొటో తీసి ల్యాబుకు పంపితే అవి పనికిరావని జవాబొచ్చింది. మిగిలినవాళ్ల కోసం ఇల్లిల్లూ తిరిగాడు. గడియారాలు మాత్రం అన్ని గోడలకూ తగిలించి ఉన్నాయి. మనుషుల్లో కొందరు బోరు కాడికి పోయారు, కొందరు కరువు పనికి పోయారు, ఇద్దరు మేస్త్రీ పనికి ఏకంగా బెంగళూరుకే పోయారు.

కొండప్ప ఇంట్లోనే దొరికాడు కానీ గొట్టం ముట్టుకోలేదు.

"నా ఎంగిలి నీకెందుకప్పా? తీసుకోనిపోయి ఏం చేస్తారో ఎవురికి తెలుసు?"

"ఏమీ చెయ్యమన్నా. బీమాల్ అని ఒక జన్యువు ఉంటుంది, అది చూస్తాం."

"భీముడా? నా నోట్లోనా?" అని కొండప్ప లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పెద్దసారు ఫోను. "ఒక్క గొట్టం తగ్గినా లెక్క మొత్తం చెడుతుంది హరినాథ్. నీ కాంట్రాక్టు కాగితం నా బల్ల మీదే ఉంది" అన్నాడు. రెండు వాక్యాలనూ ఒకే ఊపిరిలో, ఎంతో ఆప్యాయంగా అన్నాడు.

హరినాథ్ గొట్టాల పెట్టె నెత్తిన పెట్టుకుని గుట్ట వైపు నడిచాడు. అక్కడెవరైనా ఉంటారేమోనని. అక్కడ సుంకమ్మ గొర్రెలు మేపుతోంది. ఆమెకు అరవై ఆరేళ్లు. వయసు దాటిందని ఆమెను జాబితాలోకి తీసుకోలేదు, అందువల్ల గడియారమూ రాలేదు.

"యాడికి పోతాండావు నాయనా, ఆ పెట్టె మోసుకోని?" అని అడిగింది.

హరినాథ్ ముళ్లచెట్టు పక్కన కూలబడి మొత్తం చెప్పాడు. ఆమె గొర్రెల మీది చూపు తిప్పకుండానే విన్నది.

"ఇంతేనా? ఉమ్మేదానికి మనిషిని ఎతకాల్నా? నేను ఉమ్ముతా. నా నోట్లో ఆకు లేదు, వక్క లేదు."

"నలభై మందివి కావాలవ్వా."

"నలభై గొట్టాలు కావాలన్యావు గదా. ఎవురు ఉమ్మినారని ఆ గొట్టం చెప్తుందా?"

హరినాథ్ ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాడు. గొట్టం చెప్తుంది, గట్టిగా అడిగితే. కానీ ఈ పరిశోధనలో ఆ ప్రశ్న ఎవరూ అడగరని కూడా తెలిసినవాడు. అతను పెట్టె తెరిచాడు.

"నువ్వు జీవాల్ని సూసుకో. ఆ నల్లది చేలో పడ్తుంది, దాన్ని ఇడ్సద్దు" అని చెప్పి సుంకమ్మ రాయి మీద కూచుని, స్టీలు చెంబు ఒళ్లో పెట్టుకుంది. నోరెండిపోయినప్పుడల్లా కొంగున కట్టుకున్న చింతపండు తీసి వాసన చూసింది. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ కర్ర పట్టుకుని నల్ల గొర్రె వెంట పరుగెత్తింది. ముప్పావు గంటకు చెంబులో కావలసినంత చేరింది. హరినాథ్ డ్రాపరుతో నలభై గొట్టాల్లోకి పంచాడు. రామప్ప, చౌడేశ్వరి, కొండప్ప, లక్ష్మీపతి అని ఒక్కొక్క పేరూ చదువుకుంటూ పంచాడు. మొదట్లో ఒక్కొక్క పేరు దగ్గరా ఆగి, ఆ మనిషి మొహం గుర్తుచేసుకున్నాడు. ఇరవై దాటాక ఆగడం మానేశాడు. దానికే అతనికి భయమేసింది.

పొద్దునవి పనికిరాకుండా పోయాయి కాబట్టి లెక్క పదకొండు నుంచి మొదలుపెట్టాడు. అలా ఎనిమిదిసార్లు. రాత్రి తొమ్మిదికి మాత్రం ఆమె గాఢనిద్రలో ఉండేది. "దీపం పెట్టినాంక అర గంటకి నేను పండుకుంటా. మూడుమ్ముక్కాలు కాకముందే లేస్తా. నడమ లేపినోన్ని తిట్టుకుంటా" అని ముందే హెచ్చరించింది. రెండుసార్లూ తిట్టుకుంటూనే చెంబు నింపింది.

మూడువందల ఇరవై గొట్టాలూ అందాయని కార్తికేయ మెచ్చుకున్నాడు. ఏప్రిల్ ఒకటిన హరినాథ్ మళ్లీ బతికొచ్చాడు.

ఫలితాలు మే నెలలో వచ్చాయి. పెద్దసారు కుర్చీలోంచి లేచి నిలబడి చదివాడు. నలభై మంది గడియారాలూ ఒక్కటే. ప్రపంచంలో ఎక్కడ కొలిచినా మనిషికీ మనిషికీ గంటో రెండు గంటలో తేడా ఉంటుంది. ఇక్కడ నాలుగు నిమిషాలు కూడా లేదు. ఊరంతా రాత్రి ఏడున్నరకు నిద్రలోకి జారుతోంది, తెల్లవారుజామున మూడు నలభైకి మేలుకుంటోంది. "ముప్పై ఏళ్లుగా నేను చెప్తున్నది ఇదే" అని ఆయన కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఆ ఏడుపు నిజం ఏడుపు. హరినాథ్ తల తిప్పుకున్నాడు.

అనంతపురంలో విలేకరుల సమావేశం జరిగింది. 'ఒకే గడియారం గల ఊరు' అని పేపర్లలో వచ్చింది. సంగటి వల్లే అన్నవాళ్లు కొందరు, గుట్ట మీది గాలి వల్ల అన్నవాళ్లు కొందరు. లేపాక్షి చూడటానికి వచ్చే యాత్రికులను అటునుంచి అటే జాలిగుట్టపల్లికి తీసుకుపోయి ఒక రాత్రి నిద్రపుచ్చే పథకం ఒకటి ఎవరో రాశారు. అందులో పడక ఎక్కడ వేస్తారో మాత్రం రాయలేదు.

అంతటితో ఆగితే బాగుండేది. జూలైలో కరెంటాఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. జాలిగుట్టపల్లి ప్రజలు శాస్త్రీయంగా ఏడున్నరకు నిద్రపోతున్నారని రుజువైనందున, ఆ తర్వాత ఇళ్లకు కరెంటు వృథా. మూడు నలభైకి మేలుకుంటున్నందున, బోర్లకు త్రీఫేజు కరెంటు అప్పుడే ఇవ్వబడును. వారం తిరక్కుండా కరువు పని వాళ్లూ ఆ కాగితాన్నే పట్టుకున్నారు. హాజరు ఫొటో ఇక మీదట తెల్లవారుజామున నాలుగుంబావుకు.

చౌడేశ్వరి కరువు పనికి హాజరు వేసే మేటు. ఫోనులో అందరి ఫొటోలూ ఎక్కించేది ఆమే. చీకట్లో ఫోను మనుషుల మొహాలు గుర్తుపట్టక, ప్రతివాళ్ల గడ్డం కింద టార్చిలైటు పెట్టి తీసేది. ఫొటోల్లో అందరూ దయ్యాల్లా వచ్చారు. పైవాళ్లు మాత్రం బాగున్నాయన్నారు, అందరూ వచ్చారు కదా అని.

ఏడున్నరకు ఫ్యాను ఆగేది. దోమల్లో కాసేపు పొర్లి, చేసేదేమీ లేక జనం పడుకునేవాళ్లు. మూడు నలభైకి ఊరి చుట్టూ ఇరవై మోటార్లు ఒక్కసారిగా మొరిగేవి, ఆరిపోయిన బల్బులన్నీ వెలిగేవి. కొండప్ప హరినాథ్‌కు ఫోను చేసి, "మా ఇంట్లో నాకూ నా పెండ్లానికే ఒగ టైముకు నిద్ర రాదు. ఊరందరికీ ఒగటే అని యా మొగోడప్పా చెప్పింది?" అని అడిగాడు. అలా చెప్పింది ఏ మగవాడి ఉమ్మీ కాదని హరినాథ్‌కు తెలుసు.

ఆ సంగతి ఇంకొకరికి కూడా తెలిసిపోయింది. ల్యాబులో లెక్కలు చూసే నాగజ్యోతి ఒకరోజు హరినాథ్‌ను పక్కకు పిలిచింది. ఆమెది తాడిపత్రి వైపు.

"అన్నా, కోప్పడొద్దు. జాబితాలో ఇరవై ఇద్దరు మగోళ్లు ఉండారు. మగోళ్లలో మాత్రమే పనిచేసే జన్యువులు కొన్ని ఉంటాయి కదా. ఏ గొట్టంలోనూ వాటి జాడ లేదు. అందరూ ఆడోళ్లే. ఇంకా చూస్తే, అందరూ ఒగే ఆడమనిషి."

"సారుకు చెప్పినావా?"

"మొదటి సగం చెప్పినా. కరువు వల్ల మగ జన్యువులు మూగబోయినాయేమో అన్నాడు. దాని మీద ఇంకో వ్యాసం రాస్తాండాడు."

హరినాథ్ ఆ మధ్యాహ్నమే పెద్దసారు గదిలోకి పోయి, తలుపు మూసి, చెంబు దగ్గర్నుంచి చింతపండు దాకా అంతా చెప్పేశాడు. కార్తికేయ లేచి పోయి తలుపుకు గడియ పెట్టాడు.

"ఎంతమందికి తెలుసు?"

"మీకు, నాకు, నాగజ్యోతికి. ఇంకా సుంకమ్మకు."

"పత్రికకు పంపిన వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటే నా పేరేమవుతుంది?" అని ఆయన తనను తానే అడిగినట్టు అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మళ్లీ వెళ్లు. ఈసారి నిజంగా తీసుకురా. తర్వాత చూద్దాం" అన్నాడు.

నవంబరులో హరినాథ్ మళ్లీ జాలిగుట్టపల్లి చేరాడు. ఈసారి నలభై మందీ, బెంగళూరు నుంచి ఎప్పుడో తిరిగొచ్చిన ఇద్దరితో సహా, పొద్దున ఆరు కాకముందే వరుసగా నిలబడి ఉన్నారు. లేచి రెండు గంటలు దాటింది, నాలుగుంబావుకే హాజరు ఫొటో అయిపోయింది. ఈ ఉమ్ముతోనైనా తమ బాధ పైవాళ్లకు తెలుస్తుందని వాళ్ల ఆశ. నోరు పుక్కిలించి మరీ ఉమ్మారు. కొండప్ప తనది చాలదేమోనని ఇంకో గొట్టం అడిగాడు. ప్రతి పేరుకూ ప్రతి మనిషీ ఎదురుగా ఉంటే హరినాథ్‌కు జ్వరం దిగినంత హాయిగా అనిపించింది. పోల్చి చూడటానికని సుంకమ్మ ఉమ్మి కూడా ప్రతిసారీ నలభై ఒకటో గొట్టంలో తీసుకున్నాడు.

ల్యాబులో లెక్క పూర్తయిన రోజు నాగజ్యోతి తెర వైపు చూపించింది. మగ జన్యువులు ఇరవై ఇద్దరిలోనూ ఉన్నాయి. నలభై మందీ నలభై మంది మనుషులే. వాళ్ల గడియారాలు మాత్రం దాదాపు ఒక్కటే. ఏడున్నరకు నిద్ర, మూడు నలభైకి మెలకువ.

నాలుగు నెలల పాటు రోజూ ఒకే వేళకు చీకటి, ఒకే వేళకు వెలుతురు, ఒకే వేళకు మోటార్ల మోత. జన్యువులు పాపం ఉత్తర్వును పాటించాయి.

కార్తికేయ హరినాథ్‌ను కౌగిలించుకున్నంత పని చేశాడు. "నేను చెప్పలేదూ? నీ పద్ధతి తప్పు, నిజం మాత్రం నిజమే!"

"సార్, అది కరెంటు వల్ల వచ్చిన నిజం. కరెంటు మన అబద్ధం వల్ల వచ్చింది."

"కారణాలు తర్వాతి వ్యాసంలో చర్చిద్దాం. ఈ నలభై ఒకటో మనిషి ఎవరు? ఆరున్నరకు లేస్తోంది. అస్సలు పొసగడం లేదే."

అది సుంకమ్మ. మోటార్ల మోతకు పడుకోలేక ఆమె గొర్రెలను తోలుకుని గుట్ట అవతలి వైపు మకాం మార్చింది. అక్కడ పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది, చుట్టూ నిశ్శబ్దం. జీవితంలో మొదటిసారి ఆమె కడుపునిండా నిద్రపోతోంది.

"ఆమెను తీసేయ్. వయసు మీరింది, జాబితాలో కూడా లేదు" అన్నాడు కార్తికేయ.

హరినాథ్ తీసేయలేదు. ఆ రాత్రి బస్సెక్కి ఊరికి వచ్చి, మరునాడు సాయంత్రం బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టి, మొదటి మూడువందల ఇరవై గొట్టాలూ సుంకమ్మవేనని చెప్పేశాడు.

"అంటే," అన్నాడు కొండప్ప మెల్లగా, "నాలుగు నెల్ల నుంచి ఆ ముసల్ది పోయే నిద్ర మేము పోతాండామా?"

"అవునన్నా."

"నేను ఉమ్మనంటే నువ్వు నా పేరు పెట్టి ఆయమ్మతో ఉమ్మించినావా?"

"అవునన్నా. తప్పే."

కొండప్ప చెప్పు తీశాడు. చౌడేశ్వరి అతని చెయ్యి పట్టుకుంది కానీ ఆమెకు నవ్వు ఆగలేదు. ఆమె నవ్వుకు మిగిలినవాళ్లూ నవ్వారు. కొండప్ప చెప్పు తిరిగి కాలికి తొడుక్కుని, "నడువు, ఆ మాటే కరెంటాఫీసులో చెప్పు" అన్నాడు.

కరెంటాఫీసులో ఏ.ఈ. రెండు రిపోర్టులనూ పక్కపక్కన పెట్టుకున్నాడు.

"మొదటిది అబద్ధమా?"

"అబద్ధం సార్" అన్నాడు హరినాథ్.

"రెండోది?"

"నిజం సార్."

"రెండిట్లోనూ ఒకటే ఉంది కదయ్యా. ఇప్పుడైతే నిజంగానే మూడు నలభైకి లేస్తున్నారు. నేనెందుకు మార్చాలి?"

హరినాథ్ దగ్గర దానికి శాస్త్రీయమైన జవాబు ఉంది. అది చెప్పడానికి పావుగంట పట్టింది. ఏ.ఈ. అందులో మొదటి నిమిషం విన్నాడు. చివరికి చౌడేశ్వరి ముందుకొచ్చింది.

"సార్, మాకు బుర్ర బాగా పనిచేసేది నాలుగు గంటలకని ఈ రిపోర్ట్‌లోనే రాసినారు కదా?"

"అవును, ఏడో పేజీ."

"సరే సార్. అర్జీ అప్పుడే ఇస్తాం."

మరునాడు తెల్లవారుజామున నాలుగింటికి నలభై మంది రెండు ట్రాక్టర్లలో వచ్చి ఏ.ఈ. క్వార్టర్సు తలుపు కొట్టారు. ఎంతో మర్యాదగా నమస్కారం పెట్టి అర్జీ ఇచ్చారు, ఒక్కొక్కరు ఒక్కొక్కటి. ప్రతి అర్జీకీ రసీదు అడిగారు. రెండో రోజూ వచ్చారు. మూడో రోజు కొండప్ప తన అర్జీని మొదట్నుంచి చివరిదాకా గట్టిగా చదివి వినిపించాడు, సారు కళ్లు మూతలు పడుతుంటే మళ్లీ మొదట్నుంచి చదివాడు. నాలుగో రోజు సాంకేతిక కారణాల వల్ల పాత వేళలే అమలవుతాయని కాగితం వచ్చింది. దాని వెనకే కరువు పని హాజరు కూడా ఆరింటికి మారింది.

కార్తికేయ వ్యాసం అచ్చయింది. అందులో రెండో లెక్క మాత్రమే ఉంది, కరెంటు మాట లేదు. హరినాథ్ ఆ పత్రికకు జరిగిందంతా రాసి పంపాడు. అందిందని జవాబొచ్చింది, పరిశీలిస్తామని కూడా. మార్చి నెలాఖరుకు అతని ఉద్యోగం చచ్చిపోయింది. ఈసారి బతికిరాలేదు. కళ్యాణదుర్గంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటరు పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నాడు. జీతం తక్కువే, ఫిబ్రవరిలో కూడా నిద్ర పడుతోంది.

నిద్ర పడుతోంది కానీ సాగడం లేదు. జాలిగుట్టపల్లిలో మిగిలినవాళ్లంతా నెల తిరిగేసరికి ఎవరి నిద్రకు వాళ్లు తిరిగిపోయారు. కొండప్ప ఒంట్లోని గడియారం మాత్రం ఎందుకో మొండికేసింది. మూడు నలభైకి ఠంచనుగా మెలకువ వస్తుంది, ఇంట్లో ఇంకెవరూ లేవరు. మూడు నలభై ఐదుకు హరినాథ్ ఫోను మోగుతుంది.

"లేచినావా?"

"లేచినానన్నా."

"లెయ్యాల్సిందే. ఈ తద్దినం తెచ్చిపెట్టింది నువ్వు. ఏమన్నా మాట్లాడు."

హరినాథ్ దుప్పటి కప్పుకునే మంచం మీద లేచి కూచుని, వేరుశనగ ధర సంగతి ఎత్తుకుంటాడు.